అవ్వ మోటారు, మా చల్లగాలి మిషను

నాంపల్లిలో మేమున్న గల్లీ మొత్తానికి ఒక్కటే ఏసీ ఉండేది. అది మాది. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టడానికి సరైన కుర్చీ లేదు, మా ఆయనకు ఆఫీసుకు వేసుకెళ్ళే చొక్కాలు మూడే, కానీ కిటికీలో మాత్రం ఏసీ. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఆడవాళ్ళు నాకు వినపడేలాగే అనుకునేవాళ్ళు. నేనూ ఊరుకునేదాన్ని కాదు, ఒకటికి రెండు అంటించేదాన్ని. దీనికి నోరు ముందు, బుద్ధి వెనక అని ఏలూరులో మా అమ్మ ఊరికే అనలేదు. ఆ నోరు చేసిన పని కూడా ఇందులో ఉంది కనుక ముందే చెప్పేస్తున్నాను.

ఆ మిషను సుఖానికి తెచ్చుకున్నది కాదు. మా పాపకు చెమట పట్టదు. ఏడాది నిండకముందే ఎండలు ముదిరితే చాలు, ఒళ్ళు పెనంలా కాలేది. తడిగుడ్డ వేస్తే తగ్గేది. దిష్టి అన్నారు, పళ్ళొస్తున్నాయి అన్నారు. పళ్ళు మాత్రం రాలేదు. రెండో వేసవిలో ఫిట్స్ వచ్చాయి. దవాఖానలో పెద్ద డాక్టరు పాప నుదురు తడిమి, అరచేతులు తడిమి, పలచటి జుట్టు చూసి, మీది మేనరికమా అని అడిగాడు. అవును, మా ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు.

ఈ పిల్లకు చెమట గ్రంథులు లేవనీ, ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోయే దారి లేదనీ డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. మందు లేదట. చల్లటి చోట ఉంచడమే మందట. పెద్దయ్యే కొద్దీ తనను తాను కాచుకోవడం నేర్చుకుంటుందట, అందాకా మనం కాచుకోవాలట. ఒళ్ళు కాలితే ఎండలో తిప్పకుండా, ఎక్కడున్నదాన్ని అక్కడే ముందు చల్లబరచమన్నాడు. మళ్ళీ ఫిట్స్ దాకా రానిస్తే నేను మాట ఇవ్వలేను అన్నాడు. ఆ మాట నా చెవిలో ఏళ్ళ తరబడి ఉండిపోయింది.

అబిడ్స్‌లో ఒక హోటలు వాళ్ళు గదుల్లో పాత ఏసీలు తీసేసి కొత్తవి పెట్టుకుంటున్నారని మా ఆయనకు ఆఫీసులో ఎవరో చెప్పారు. అలా వచ్చింది మాకది, తోపుడుబండి మీద, నలుగురు మనుషుల మోతతో. పాప మూడో ఏడు అప్పటికి. డెబ్భైల మొదటి రోజులు.

మిషను పట్టాలంటే కిటికీ ఊచలు రెండు కోయాలి, చట్రం తొలవాలి. ఇల్లు మాది కాదు. ముందు భాగంలో ఇంటివాళ్ళుండేవారు. మేము అవ్వా అని పిలిచే పెద్దావిడ, ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయల వ్యాపారం చేసే ఆవిడ కొడుకు, కోడలు. వెనక రెండు గదులు మావి. అవ్వకు డెబ్భై దాటాయి. నడుము వంగిపోయి, నిలబడ్డా నా భుజం దాకా కూడా వచ్చేది కాదు. కిటికీ సంగతి ఎలా అడగాలా అని నేను వారం రోజులు నీళ్ళు నమిలాను. తీరా అడిగితే ఆవిడ తమలపాకుకు సున్నం రాసుకుంటూ తలైనా ఎత్తలేదు.

"పిల్ల కంటె కిటికీ ఎక్కువనా బిడ్డా. కోసుకో" అంది.

మిషను బిగించడానికి అబిడ్స్ నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. యాభై ఏళ్ళ మనిషి, కళ్ళద్దాల కాడ విరిగితే దారం కట్టుకుని తిరిగేవాడు. తొందరంటే తెలియదు. బయటికి కొంచెం వాలుగా ఉండేలా కొలిచి కొలిచి పెట్టాడు, లేకపోతే లోపల చేరే నీళ్ళు గదిలోకే కారతాయట. తర్వాత నన్ను ఎదురుగా నిలబెట్టి బడిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. ముందున్న ఫిల్టరు వారానికోసారి తీసి కడగాలి. ఒకసారి ఆపితే మూడు నిమిషాలు ఆగకుండా మళ్ళీ వేయకూడదు. కరెంటు తగ్గినప్పుడు అసలు వేయకూడదు. తగ్గిందని ఎలా తెలుస్తుందంటే, తలుపు మీది బల్బు చూసుకోమన్నాడు.

అన్నీ అయ్యాక గుమ్మంలో చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగాడు.

"దీని మొకం మీ దిక్కు, వీపు బయటి దిక్కు. అందరు మొకమే చూస్తరు. మొకం కంటె వీపు ఎక్కువ అమ్మా. వీపు మర్సిపోవద్దు."

సరిగ్గా అప్పుడే పాప లేచి ఏడ్చింది. సరే సరే అంటూ లోపలికి పరిగెత్తాను. వీపు అంటే ఏమిటో, మరచిపోకుండా ఏం చేయాలో అడగలేదు.

చెప్పినవి మాత్రం తు.చ. తప్పకుండా చేశాను. ఆదివారం పొద్దున ఫిల్టరు ఊడదీసి కుళాయి కింద పెడితే రాగిపిండి కలిపిన నీళ్ళలా మట్టి కారేది. నాలుగు గోడల మధ్య, తలుపులు వేసుకున్న గదిలో అంత దుమ్ము ఎక్కణ్ణుంచి వస్తుందో. ఒకసారి జ్వరంపడి రెండు వారాలు కడగలేదు, దానికి తోడు శుక్రవారం శుక్రవారం గదిలో సాంబ్రాణి వేసేదాన్ని. ఫిల్టరు మూసుకుపోయి లోపల గొట్టాల మీద తెల్లగా మంచు పేరుకుంది, గాలి రావడం మానేసింది. నేను అట్లకాడ తెచ్చి ఆ మంచును గోకబోయాను. అదృష్టం కొద్దీ మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఉస్తాద్ వచ్చి, ఒక్క పోటు పడితే గొట్టం చిల్లి, గ్యాసంతా పోయి మిషను ఇనప్పెట్టె అయ్యేదని, ఆపేసి ఫ్యాను మాత్రం తిప్పితే మంచు దానంతటదే కరుగుతుందని చెప్పాడు. ఆ రోజు నుంచి సాంబ్రాణి వంటింట్లోకి మారింది.

అలా ఒక వేసవి దాటాం. పాప ఆ గదిలోనే ఆడుకుంది, అన్నం తింది, గోడల నిండా బొగ్గుతో పిల్లుల్ని గీసింది. ఒక్కసారి కూడా ఒళ్ళు కాలలేదు. నేను మిషను దగ్గర నిలబడి దానికి దణ్ణం పెట్టుకున్న రోజులున్నాయి. నవ్వుకుంటే నవ్వుకోండి.

మిషను వచ్చాక రెండో వేసవి ఏప్రిల్‌లోనే మండిపోయింది. మిషను వెనక భాగం మా వెనక వరండాలోకి ఉండేది. అది పడమటి దిక్కు. మధ్యాహ్నం రెండు నుంచి పొద్దుగూకే దాకా ఎండ దాని మీదే. ఒకరోజు బట్టలు తీయడానికి వెళ్ళి అనుకోకుండా చెయ్యి ఆనిస్తే బొబ్బ లేచింది. పాపం, మా పిల్లను చల్లగా ఉంచడానికి ఇది ఇలా కాలిపోతోందా అనిపించింది. ఇంకో ఆలోచన కూడా వచ్చింది. హైదరాబాదులో కలిగిన ఇళ్ళవాళ్ళు ఎండాకాలం కిటికీలకు వట్టివేళ్ళ తడికలు, ఇక్కడివాళ్ళ మాటలో తట్టీలు, కట్టి నీళ్ళు చల్లుతారు. వడగాలి ఆ తడికలోంచి వస్తే చల్లబడి, మట్టివాసన వేస్తూ లోపలికి వస్తుంది. ఏసీ రాకముందు అవ్వ మాకూ ఒకటి ఇచ్చింది. అది అటక మీద ఊరికే పడి ఉంది. ఉత్త కిటికీకి కడితేనే అంత చల్లన, ఏసీకి కడితే ఇంకెంత చల్లన.

అవ్వ కోడల్ని కొబ్బరితాడు అడిగి తెచ్చి, ఎత్తుపీట మీద నిలబడి, చేతులు పైకి చాచి, మిషను వెనకంతా, పక్కలు కూడా మూసుకునేలా తడికను బిగించి కట్టాను. పొద్దున రెండు చెంబులు, సాయంత్రం రెండు చెంబులు నీళ్ళు పోసేదాన్ని. మా ఆయన చూసి, నీ బుర్రే బుర్ర అన్నాడు. మొదటి పది రోజులు ఏ తేడా లేదు. గదిలో గాలి కాస్త ఎక్కువ చల్లగా ఉన్నట్టే అనిపించింది కూడా.

మే నెల వచ్చింది. ఒక మధ్యాహ్నం నడుస్తున్న మిషను టక్కుమని ఆగింది. ఫ్యాను తిరుగుతోంది, చల్లన లేదు. పావుగంటకు దానంతటదే మళ్ళీ మొదలైంది. మర్నాడు రెండుసార్లు ఆగింది. ఆ మర్నాడు పన్నెండు కాకముందే ఆగింది, అరగంట దాకా లేవలేదు. ఫిల్టరు రోజూ కడిగాను. వాలు చూశాను. మూడు నిమిషాలకు బదులు పది నిమిషాలు ఆగాను. తడిక ఎండిపోతోందేమోనని రెండు చెంబులకు నాలుగు పోశాను. వేళ్ళు ఉబ్బి తడిక దట్టంగా అయింది. మిషను ఇంకా తొందరగా ఆగింది.

ఆ టక్కు అన్న చప్పుడు కోసం నా ప్రాణం చెవుల్లోకి వచ్చి కూర్చుంది. వంట చేస్తున్నా, పాపకు జుట్టు దువ్వుతున్నా ఒక చెవి దాని మీదే. చప్పుడు వినగానే చెయ్యి పాప మెడ మీదికి పోయేది. నిద్రలో కూడా ఆ చప్పుడు వినపడి లేచేదాన్ని. మా ఆయన మీద, పాలవాడి మీద, చివరికి పాప మీద కూడా అరిచాను. భయం పుడితే నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది.

ఆ కోపానికి ఒక దారి దొరికింది. ఇంటి ముందు బావికి అవ్వ వాళ్ళ మోటారు ఉండేది. పొద్దున ఒకసారి, పదకొండు గంటలకు ఒకసారి వేసి మిద్దె మీది ట్యాంకు నింపేవాళ్ళు. మా కుళాయికీ ఆ నీళ్ళే. మోటారు వేసినప్పుడల్లా తలుపు మీది బల్బు ఒకసారి కునికేది. కరెంటు తగ్గితే మిషను వేయకూడదని ఉస్తాదే చెప్పాడు కదా. ఇంకేం, దొంగ దొరికాడు, ఉస్తాద్‌ను పిలిచే పనే లేదనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నా తప్పు నాకు కనపడక, పక్కవాళ్ళ మోటారు మీద పడ్డాను.

మర్యాదగా అడగవచ్చు. అడగలేదు. అవ్వ అరుగు మీద కూర్చుని ఉండగా, గల్లీ ఆడవాళ్ళు నలుగురు వింటుండగా, మీ ట్యాంకు నిండడం కోసం నా పిల్ల ప్రాణం పోవాలా అని అడిగాను. కిటికీ కోసుకోమన్న మనిషిని అన్నాను ఆ మాట. కోడలు ఏదో అనబోయింది. అవ్వ చేత్తో ఆపింది.

"ఏందే గట్ల జూస్తవు. పిల్ల తల్లి. మోటర్ బంద్ చెయ్యి. నీళ్ళు తోడుకుందాం."

ఆ రోజు నుంచి మూడు రోజులు కోడలు బావిలో చేద వేసి, ఇంటిల్లిపాదికీ నీళ్ళు తోడింది. వాకిట్లో రాతితో కట్టిన నీళ్ళ తొట్టి ఉండేది, దాన్ని వాళ్ళు హౌజు అనేవారు. అది నింపింది. మా బకెట్లు రెండు కూడా నింపి గుమ్మం దగ్గర పెట్టేది, మాట మాత్రం లేదు. గిలక కిర్రుమన్నప్పుడల్లా నాకు సిగ్గేసేది. అయినా వెళ్ళి పోనీలెండి అనలేదు. ఎందుకంటే మోటారు ఆగినా మిషను ఆగుతూనే ఉంది. తప్పు మోటారుది కాదని ఒప్పుకుంటే ఇంక దేనిదో నాకు తెలియదు. అది ఒప్పుకోవడానికే భయం.

నాలుగోరోజు మా ఆయన ఆఫీసు పని మీద కరీంనగర్ వెళ్ళాడు. పదకొండు గంటలకు మిషను ఆగింది. పన్నెండయినా లేవలేదు. తలుపు మీది బల్బు నిలకడగా వెలుగుతూ నన్ను వెక్కిరిస్తోంది. తలుపులు తీస్తే వడగాలి, వేస్తే ఉక్క. పాప నేలమీద పడుకుని, అమ్మా కాళ్ళు మండుతున్నాయి అంది. మెడ తాకితే చెయ్యి తీసేయవలసి వచ్చింది. బకెట్‌లో మిగిలిన నీళ్ళతో దుప్పటి తడిపి కప్పాను. పది నిమిషాల్లో దుప్పటి ఆరింది. మళ్ళీ తడిపాను. నీళ్ళు అయిపోయాయి. కుళాయి తిప్పితే గాలి మాత్రం వచ్చింది. ట్యాంకు ఎండిపోయి మూడు రోజులైంది, ఎండగట్టింది నేనే.

పాప కళ్ళు సగం మూసి, పిలిస్తే ఆలస్యంగా పలుకుతోంది. ఫిట్స్ వచ్చిన రోజు కూడా ముందు ఇలాగే ఉంది. ఎత్తుకుని దవాఖానకు పరిగెడదామంటే ఆ ఎండలో రిక్షా మీద తీసుకెళ్ళడం నేనే చేతులారా చంపుకోవడం. అప్పుడు నేను వెళ్ళవలసిన గుమ్మం ఒక్కటే ఉంది. మూడు రోజులుగా తొక్కని గుమ్మం.

అవ్వ భోజనం ముందు కూర్చుని ఉంది. నన్ను, నా చేతుల్లో పాపను చూసి విస్తరి పక్కకు జరిపింది. నేను క్షమించమనలేదు. ఆవిడే లేచి చేతులు చాచింది.

"పిల్లనియ్యి. నువు ఉర్కు, మెకానిక్‌ను తోల్కరా. నేను జూస్తా."

చెప్పులు లేకుండానే పరిగెత్తానని స్టేషన్ రోడ్డులో కాళ్ళు కాలాక తెలిసింది. రిక్షా ఎక్కాను. నేను ఏమీ చెప్పకపోయినా రిక్షా అతను నా మొహం చూసి తొక్కుడు పెంచాడు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర బస్సులు అడ్డం. దిగి నడిచాను. బట్టల దుకాణాల వెనక సందులో, మేడ మీద ఉస్తాద్ షాపు. తాళం. కింద పాన్‌డబ్బా అతన్ని అడిగితే, తిండికి పోయిండు, ఇప్పుడే వస్తడు, కూసోండ్రి అన్నాడు. కూర్చోవడమా. ఏ హోటలో కనుక్కుని, మగవాళ్ళంతా కూర్చుని తింటున్న ఇరానీ హోటల్లోకి వట్టికాళ్ళతో, జారిన కొంగుతో వెళ్ళి ఉస్తాద్ ముందు నిలబడ్డాను. ఆయన చేతిలో రొట్టె ముక్క అక్కడే పెట్టి లేచాడు. తొందరంటే తెలియని ఆ మనిషి నా కంటే ముందు మెట్లు దిగాడు.

రిక్షాలో తిరిగి వస్తుంటే దారి పొడుగునా ఆయన ఏమేం అడిగాడో, నేనేం చెప్పానో గుర్తు లేదు. మా గల్లీ మలుపు తిరిగేటప్పుడు మాత్రం చెవులు మూసుకున్నాను. ఎవరైనా ఏడుస్తూ ఉంటే ఆ ఏడుపు నేను ముందు వినకూడదని.

ఏడుపు లేదు. వాకిట్లో నీడకున్న హౌజులో అవ్వ కూర్చుని ఉంది. చీరతో, జాకెట్టుతో, మెడ దాకా నీళ్ళలో. ఒళ్ళో పాప. కోడలు చెంబుతో పాప తల మీద ఆగకుండా పోస్తోంది. చేదతాడు ఒరుసుకుని ఆమె అరచేతులు రెండూ పొక్కి ఉన్నాయి. నేను అరిచి ఆపించిన మోటారుకు బదులుగా ఆ చేతులు తోడిన నీళ్ళవి. పాప నన్ను చూసి, అమ్మా, అవ్వ నీళ్ళల్ల కూసుంది, అని నవ్వింది. నేను హౌజు గట్టు పట్టుకుని కింద కూలబడ్డాను.

ఉస్తాద్ పాపను చూసి, నిమ్మళంగా ఊపిరి వదిలి, లోపలికి పోయాడు. మిషను ముందు నిలబడి దాన్ని విప్పలేదు. చెయ్యి పెట్టి చూసి, నేరుగా వెనక వరండాలోకి నడిచాడు. అవ్వ తడిచీర పిండుకుంటూ, కోడలు పాపను ఎత్తుకుని, నేనూ వెనకే వెళ్ళాం. ఆయన తడికను చూశాడు. దాని సందులో వేలు పెట్టబోతే పట్టలేదు.

"గిదెవలు కట్టిన్రు?" అన్నాడు.

ఆయన జేబులోంచి చిన్న కత్తి తీసి తాళ్ళు కోశాడు. తడిక కింద పడగానే వెనకనుంచి కుమ్మరి ఆవం మూత తీసినట్టు వేడి మా మొహాలకు కొట్టింది.

"గదిల వేడిని గుంజి గీడికెళ్ళి బయటికి పారబోస్తది గీ మిషన్. వేడి పోయే తొవ్వే మూసేస్తే ఏడికి పోతది? లోపల్నే తిరిగి తిరిగి పానం మీదికి తెచ్చుకున్నది."

వేడి బయటికి పోయే దారి లేదు. దవాఖానలో డాక్టరు చెప్పిన మాట ఇదే. ఆ మాట ఈ ఊళ్ళో నా కంటే బాగా తెలిసిన తల్లి లేదు. పిల్లకు పుట్టుకతో వచ్చిన కష్టాన్నే, దాన్ని కాపాడే మిషనుకు నా చేతులతో కట్టి పెట్టాను, పొద్దునా సాయంత్రం నీళ్ళు పోసి మరీ. కంచే చేను మేసింది.

ఉస్తాద్ మళ్ళీ అడిగాడు, ఈసారి కోపంగా. నేను నోరు తెరవబోయాను. లేదు, నిజం చెబుతాను, తెరవబోలేదు. తాడిచ్చిన కోడలు నన్నే చూస్తోంది.

"నేనే కట్టిన" అంది అవ్వ. "ఎండల మిషన్ కాలుతున్నదని."

పెద్దమనిషివి, నీకింత తెలియదా అని ఉస్తాద్ ఆవిణ్ణి కేకలేశాడు. పిల్ల పానం పోతుండె గద అని కూడా అన్నాడు. అవ్వ తలొంచుకుని, ఔ, తప్పయింది, అంది. చీర అంచుల నుంచి నీళ్ళు కారి ఆవిడ పాదాల చుట్టూ మడుగు కట్టాయి. నేను చూస్తూ నిలబడ్డాను. ఒక్క మాట, కట్టింది నేను అన్న ఒక్క మాట చాలు. గల్లీలో ఎవరికైనా ఒకటికి రెండు చెప్పే నేను, అది చెప్పలేకపోయాను. కోడలు చూపు తిప్పుకుని పాపను లోపలికి తీసుకుపోయింది.

వెనక దుమ్ము దులిపి, అరగంట చల్లారనిచ్చి, ఉస్తాద్ మిషను వేశాడు. అది మళ్ళీ ఆగలేదు.

పాప నిద్రపోయాక సాయంత్రం అవ్వ దగ్గరికి వెళ్ళాను. పొడి చీర కట్టుకుని, తల ఆరబెట్టుకుంటోంది. అంత సేపు నీళ్ళలో ఉండి జలుబు చేసినట్టుంది, గొంతు మారింది. కాళ్ళు పట్టుకోబోతే పక్కకు జరిగింది. ఎందుకలా చెప్పారవ్వా అని మాత్రం అడగగలిగాను.

"తల్లి చేతుల్ల అయిందనే మాట ఉండొద్దు బిడ్డా. రేపు పిల్లకు సుత తెలుస్తది. ముసల్దాన్ని, నామీద ఉండనీ" అంది. తర్వాత ముక్కు చీదుకుని, "పోయి మోటర్ ఎయ్యి. కోడలి చేతులు పుండ్లయినయి" అంది.

బావి దగ్గర గోడకు మోటారు మీట. నేనే వేశాను. మోటారు మొదలుకాగానే ఇంట్లోకి పరిగెత్తి తలుపు మీది బల్బు చూశాను. ఒకసారి కునికి మళ్ళీ వెలిగింది. మిషను నడుస్తూనే ఉంది. మోటారు ఏ పాపం ఎరగదు.

తర్వాత ఏటా మార్చి నెలలో ఉస్తాద్ వచ్చి మిషను విప్పి శుభ్రం చేసి పోయేవాడు. వచ్చిన ప్రతిసారీ వెనక వరండాలోకి వెళ్ళి, అవ్వ మళ్ళ తట్టి కట్టలేదు గద, అని నవ్వేవాడు. లేదని నేనూ నవ్వేదాన్ని. అవ్వ ముందు గదిలోంచి వింటూ ఉండేది, ఏమీ అనేది కాదు. నాలుగేళ్ళు అలా గడిచాయి. పాప బడికి పోతోంది, సంచిలో తడి తువ్వాలు పెట్టుకుని, ఎండ పడితే తనే తల మీద కప్పుకోవడం నేర్చుకుంది. గల్లీలో ఇంకో రెండు ఇళ్ళలోకి ఏసీలు వచ్చాయి. వాళ్ళకు ముందు వీపు చూపించి చెప్పింది నేనే.

ఐదో ఏడు చలికాలంలో అవ్వ పోయింది. ఆ మార్చిలో ఉస్తాద్ మామూలుగా వచ్చాడు. సంగతి తెలియదు కాబోలు, వెనక మరలు విప్పుతూ అదే మాట అన్నాడు, అవ్వ మళ్ళ తట్టి కట్టలేదు గద అని. నేను నవ్వలేదు.

"ఆవిడ పోయారు ఉస్తాద్. ఆ తడిక కట్టింది ఆవిడ కాదు. నేను."

ఆయన మరలు విప్పడం ఆపాడు. దారం కట్టిన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"గా ముసలమ్మ చెయ్యి గంత మీదికి అందుతదా అమ్మా. నాకు ఆ దినమే ఎరుక. ఆమె తన మీద ఏసుకున్నది, నేను కాదంటే బాగుంటదా. ఏడాదికోపారి అడిగితె ఎప్పుడన్న మీరే చెప్తరనుకున్న."

ఫిల్టరు ఊడదీసి నా చేతికిచ్చి, కడుక్కు రమ్మన్నాడు. వాకిట్లో కుళాయి తిప్పాను. ట్యాంకు నిండుగా ఉంది, నీళ్ళు ధారగా పడ్డాయి. ఆ నీళ్ళ చప్పుడులో, ఫిల్టరు చేతిలో పట్టుకుని, అవ్వ కూర్చున్న హౌజు గట్టు మీద కూర్చుని, ఏడవడం రాని దాన్ని, చాలాసేపు ఏడ్చాను.